చలికాలంలో యూరప్‌కు తక్కువ చార్జీ టికెట్ పట్టుకోవడం ఎలా?

మా అక్కా బావా జర్మనీలో చదువుకుంటున్న కూతురిని చూసి రావాలని రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నారు. ప్రతి ఏడాదీ మే నెలకు టికెట్లు చూడడం, ధర చూసి ఆగిపోవడం. బావ ఉద్యోగ విరమణ చేశాక ఒక ఆదివారం హైదరాబాద్‌లో వాళ్లింటికి వెళ్లి, భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, ‘ఇక సెలవులతో మీకు పనేముంది? ఫిబ్రవరిలో వెళ్లండి’ అన్నాను. ‘ఆ చలికి తట్టుకోగలమా?’ అని అక్క భయపడింది. తట్టుకోవచ్చు. ఒక మంచి కోటు, రెండు మూడు జతల ఉన్ని మేజోళ్లు ఉంటే సరిపోతుంది. ఆ చలికి జడిసి మిగతావాళ్లు ఆగిపోతారు కాబట్టే సీట్లు మిగులుతాయి, ధర దిగుతుంది.

ఆ రోజు వాళ్ల కోసం చేసిన పనినే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ముందు నెల, తర్వాత వీసా, ఆ తర్వాత ఊరు, చివరికి విమానం. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ‘ఫలానా శుక్రవారం, ఫలానా పారిస్’ అని గిరి గీసుకుని కూర్చుని, ఆ గిరిలోపల చవక టికెట్ కోసం పది వెబ్‌సైట్లు తిరుగుతారు. పది చోట్లా కాస్త అటూ ఇటూగా ఒకే ధర కనిపిస్తుంది. తేదీని నాలుగు రోజులు, దిగే ఊరిని నాలుగు వందల కిలోమీటర్లు జరపడానికి సిద్ధపడితే మిగిలే డబ్బు ఏ వెబ్‌సైటు మార్చినా మిగలదు.

మొదట నెల తేల్చుకోండి

విమానయాన సంస్థల శీతాకాలపు షెడ్యూలు అక్టోబరు చివరి ఆదివారం మొదలై మార్చి చివరి ఆదివారానికి ముందు రోజు దాకా ఉంటుంది. ఆ ఐదు నెలలూ చవకే అనుకుంటే పొరపాటు. యూరప్‌లో చలి ఒక్కటే ధరను తేల్చదు. మన పండగలు, మన పిల్లల చదువులు కూడా తేలుస్తాయి.

దీపావళి రద్దీ తగ్గిన దగ్గర నుంచి డిసెంబరు మొదటి వారం వరకు ఒక మంచి కాలం. అయితే తిరుగు ప్రయాణం కూడా డిసెంబరు 10 లోపే పెట్టుకోవాలి. ఆ తర్వాత అక్కడి మన పిల్లలంతా క్రిస్మస్ సెలవులకు ఇంటికి బయల్దేరతారు. యూరప్ నుంచి హైదరాబాద్ వచ్చే విమానాలు కిక్కిరిసిపోతాయి. వెళ్లే టికెట్ చవకగా దొరికినా, తిరుగు టికెట్ ఆ లాభాన్నంతా మింగేస్తుంది.

డిసెంబరు 15 నుంచి జనవరి మొదటి వారం దాకా ప్రయత్నించకండి. సంక్రాంతి అయ్యాక కూడా వెంటనే చూడకండి. సెలవులకు వచ్చినవాళ్లు తిరిగి వెళ్తుంటారు, బ్రిటన్‌లో జనవరి ప్రవేశాలకు కొత్తగా వెళ్లే విద్యార్థులూ అదే సమయంలో బయల్దేరతారు. శంషాబాద్ విమానాశ్రయంలో ఆ రోజుల్లో ఒక్కో పిల్లవాడి వెంట పదిమంది కనిపిస్తారు, అందరి కళ్లూ చెమర్చే ఉంటాయి. ఆ హడావుడి సద్దుమణిగాక, జనవరి చివరి వారం నుంచి మార్చి మధ్య వరకు ఉండే ఆరేడు వారాలే నా దృష్టిలో అన్నిటికన్నా మంచి కాలం. ఇక్కడ పిల్లలకు పరీక్షలు దగ్గరపడుతుంటాయి కాబట్టి కుటుంబాలు కదలవు. మార్చి చివరికి వచ్చేసరికి జర్మనీలో ఏప్రిల్ సెమిస్టర్‌కు వెళ్లే విద్యార్థులు, ఈస్టర్ సెలవులు మొదలై ధర మళ్లీ ఎక్కుతుంది.

అక్కడి క్యాలెండర్‌ను కూడా ఒకసారి చూసుకోవాలి. ఫిబ్రవరిలో ఫ్రాన్స్ బడులకు శీతాకాలపు సెలవులుంటాయి. ఆల్ప్స్ పర్వతాల్లో మంచు ఆటలకు అదే అసలు సీజన్, అక్కడి హోటళ్లకు ఆఫ్ సీజన్ ఉండదు. వెనిస్‌లో, కొలోన్‌లో కార్నివాల్ రోజులూ అంతే. బార్సిలోనాలో మొబైల్ ఫోన్ల పెద్ద ప్రదర్శన ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో జరుగుతుంది. ఆ వారం టికెట్‌లో మిగిల్చింది హోటల్ గదికి పోతుంది.

ఇంకో మాట. డిసెంబరులో పారిస్‌లో సాయంత్రం ఐదు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. ఫిబ్రవరి మధ్యకు పగలు పది గంటల దాకా పెరుగుతుంది. సాంతోరినిలో చాలా హోటళ్లు చలికాలంలో మూసే ఉంటాయి. స్విట్జర్లాండ్‌లో కొన్ని కేబుల్ కార్లు నవంబరులో మరమ్మతుల కోసం ఆగిపోతాయి. చలి బొత్తిగా పడనివారు లిస్బన్, సెవిల్, మాల్టా, ఏథెన్స్, సిసిలీ వైపు చూడవచ్చు.

వీసా చేతికి వచ్చాకే డబ్బు కట్టండి

యూరప్‌లో 29 దేశాలకు కలిపి ఒకే షెంగెన్ వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేసి తీరాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది, అదనపు పరిశీలన అవసరమైతే 45 రోజుల దాకా సాగవచ్చు. ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45 యూరోలు, ఆరేళ్ల లోపు వారికి లేదు. వీసా రాకపోయినా ఆ ఫీజు తిరిగి ఇవ్వరు. దీనికి పైన వీసా కేంద్రం సేవా రుసుము. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే ప్రయాణ బీమా తప్పనిసరి.

ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. అందుకే ఎక్కడ ఎన్ని రోజులో కాగితం మీద ముందే గీసుకోవాలి. ఫ్రాన్స్ వీసాతో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగడం తప్పేమీ కాదు, మీ ప్రణాళికలో ఎక్కువ రాత్రులు నిజంగా ఫ్రాన్స్‌లోనే ఉంటే చాలు.

ఇక్కడే చాలామంది తడబడతారు. వీసా దరఖాస్తుకు విమాన ప్రయాణ వివరాలు అడుగుతారు కదా అని పూర్తి డబ్బు కట్టి, రీఫండ్ లేని టికెట్ కొనేస్తారు. సాధారణంగా అడిగేది బుకింగ్ వివరాలే, డబ్బు కట్టేసిన టికెట్ కాదు. మీరు దరఖాస్తు చేసే దేశం జాబితాలో ఏమని రాశారో చదువుకుని, నమ్మకమైన ఏజెంటు ద్వారా కొద్ది రోజులు నిలిపి ఉంచే బుకింగ్ తీసుకోండి. లేదా రద్దు చేస్తే ఎంత కోస్తారో ముందే స్పష్టంగా చెప్పే టికెట్ కొనండి. ఐదు వేల కోతతో రద్దు చేసుకోగలిగే టికెట్ రెండు వేలు ఎక్కువైనా నేను అదే తీసుకుంటాను. వీసా తిరస్కరిస్తే టికెట్ డబ్బంతా పోయిందనే బాధ ఉండకూడదు.

చలికాలానికి ఆరు నెలల ముందే టికెట్ కొనాల్సిన తొందర లేదు. మూడు నెలల ముందు వీసాకు వెళ్లి, అది రాగానే కొనుక్కున్నా మంచి ధరలే దొరుకుతాయి. ఈ లోపు ధరను గమనిస్తూ ఉంటే ఏది చవకో మీకే తెలిసిపోతుంది.

వెతకడం: ఒక్కరి పేరుతో, నెల మొత్తానికి

గూగుల్ ఫ్లయిట్స్‌లో బయల్దేరే చోటు హైదరాబాద్ అని పెట్టి, చేరే చోట ఒక్క ఊరితో ఆగకుండా ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, ఆమ్‌స్టర్‌డామ్, పారిస్, మిలాన్, వియన్నా కలిపి ఇవ్వండి. ఒకే గడిలో ఇన్ని ఊర్లు పెట్టడానికి అందులో వీలుంది. ప్రయాణికులు ఒక్కరే అని ఉంచండి. తేదీల గడి తెరిస్తే ఒక్కో రోజు కింద ఆ రోజు చార్జీ కనిపిస్తుంది. ఏ ఊరని ఇంకా తేల్చుకోనివారు మ్యాప్ మీద ధరలు చూపించే పేజీని గానీ, స్కైస్కానర్‌లో గమ్యం చోట ‘ఎక్కడికైనా’ అనే ఎంపికను గానీ వాడవచ్చు. నచ్చిన రెండు మూడు జతల తేదీలకు ధర మార్పు హెచ్చరికలు పెట్టుకుని, రెండు వారాలు ఊరుకోండి. ఆ రెండు వారాల్లో ఆ దారికి మామూలు ధర ఎంతో కంటికి అలవాటవుతుంది. అది తెలియకపోతే తగ్గింపు వచ్చినప్పుడు గుర్తుపట్టలేం.

మంగళవారం రాత్రి కొంటే చవక, ప్రైవేట్ విండోలో చూస్తే చవక లాంటి మాటలు పట్టించుకోకండి. మీరు కొనే రోజు కన్నా ఎగిరే రోజు ముఖ్యం. మంగళ, బుధ వారాల్లో బయల్దేరే విమానాలకు గిరాకీ తక్కువ, శుక్ర, ఆది వారాల్లో ఎక్కువ.

మరి పొద్దున చూసిన ధర సాయంత్రానికి ఎందుకు పెరుగుతుంది? ఎకానమీలో సీట్లన్నీ ఒకేలా కనిపించినా సంస్థ వాటిని లోపల పది పన్నెండు అరలుగా విడగొట్టి పెడుతుంది. ఒక్కో అరకు ఒక అక్షరం, ఒక ధర, కొన్ని షరతులు. అడుగు అరలో సీట్లు అయిపోగానే పై అర తెరుచుకుంటుంది. చలికాలంలో అడుగు అరల్లో ఎక్కువ సీట్లు పెడతారు. మనకు దొరికే తగ్గింపు అక్కడి నుంచే వస్తుంది.

ఈ సంగతి తెలిస్తే కుటుంబంతో వెళ్లేవారికి ఒక లాభం ఉంది. ఆ ఆదివారం అక్క వాళ్లింట్లో మూడో టికెట్ కూడా చూశాం, బావ తమ్ముడు కూడా వస్తానన్నాడు. ముగ్గురికి కలిపి వెతికితే తలకు ఒక ధర వచ్చింది. అదే విమానం, అదే తేదీ, ఇద్దరికని మార్చగానే తలకు ధర తగ్గింది. తప్పు చూశామేమోనని బావ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చూశాడు. జరిగింది ఇది: చవక అరలో రెండే సీట్లు మిగిలాయి. ముగ్గురికి కలిపి అడిగితే ముగ్గురికీ సరిపడే పై అరలోంచి ముగ్గురి టికెట్లూ ఇస్తుంది. లెక్క కోసం చవక సీటు 46,000, పై అర సీటు 52,000 అనుకోండి. ముగ్గురికి కలిపి కొంటే 1,56,000. ఇద్దరికి ఒకసారి, ఒకరికి ఇంకోసారి కొంటే 92,000, 52,000 కలిపి 1,44,000. పన్నెండు వేలు మిగిలాయి. విడిగా కొంటే పీఎన్‌ఆర్‌లు, అంటే బుకింగ్ నంబర్లు, వేరవుతాయి కాబట్టి చిన్న పిల్లలున్నవారు మాత్రం ఇలా చేయకండి. విమానం మారినప్పుడు తల్లీ బిడ్డా వేర్వేరు విమానాల్లో పడే ప్రమాదం ఉంది. పెద్దవాళ్లే అయితే కొన్నాక సంస్థకు ఫోన్ చేసి రెండు బుకింగ్‌లనూ ఒకదానికొకటి జతచేయమని అడగండి.

దిగే ఊరు ఒకటి, ఎక్కే ఊరు ఇంకొకటి

పెద్ద సంస్థల్లో ఒకవైపు టికెట్ చాలాసార్లు రానుపోను టికెట్‌కు దగ్గర దగ్గరగా ఉంటుంది. అందుకని రెండు ఒకవైపు టికెట్లు కాకుండా, వెబ్‌సైట్‌లో పలు నగరాల ఎంపిక తీసుకుని ‘హైదరాబాద్ నుంచి రోమ్, పారిస్ నుంచి హైదరాబాద్’ అని ఒకే టికెట్‌గా అడగండి. చాలాసార్లు మామూలు రానుపోను ధరకు దగ్గరగానే వస్తుంది. విమానం కోసం మళ్లీ రోమ్‌కు వెనక్కి వెళ్లే ఖర్చు, ఒక రోజు సమయం, రెండూ కలిసివస్తాయి.

శంషాబాద్ నుంచి నేరుగా లండన్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా 2024 జనవరిలో, ఆమ్‌స్టర్‌డామ్‌కు కేఎల్‌ఎం 2025 సెప్టెంబరులో మొదలయ్యాయి. షెడ్యూళ్లు సీజన్‌కోసారి మారుతుంటాయి కాబట్టి మీ తేదీలకు ఉన్నాయో లేదో చూసుకోండి. నేరు విమానం సుఖం, ధర ఎక్కువ. దుబాయ్, అబుదాబి, దోహా, మస్కట్, బహ్రెయిన్ మీదుగా ఒక మజిలీతో వెళ్తే సాధారణంగా తక్కువ. ఢిల్లీ నుంచి ఎయిర్ ఇండియాలో వెళ్లాలనుకుంటే ప్రయాణ సమయం సరిచూసుకోండి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక యూరప్ దారి పొడవైంది.

దిగే ఊరి విషయంలో పట్టు సడలించండి. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ విమానాశ్రయం కిందనే రైల్వే స్టేషన్ ఉంది, అక్కడి నుంచి పారిస్‌కు మూడు గంటల పైచిలుకు. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలోనే దూరప్రాంత రైళ్ల స్టేషన్ ఉంది, గంటలో కొలోన్ చేరతారు. రైలు టికెట్ ముందే కొంటే చవక. పారిస్‌కు ధర ఎక్కువగా ఉన్న వారంలో ఆమ్‌స్టర్‌డామ్‌కు కొని రైలెక్కండి, ఒక దేశం అదనంగా చూసినట్టూ అవుతుంది. యూరప్ లోపలి చవక విమానాలు ఆకర్షణీయంగానే కనిపిస్తాయి కానీ, అవి దిగే చోట్లు చూసుకోవాలి. పారిస్ పేరు పెట్టుకున్న బోవే విమానాశ్రయం నగరానికి 80 కిలోమీటర్ల పైనే ఉంటుంది. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ 120 కిలోమీటర్లు. సీటు కింద పట్టే చిన్న సంచికి మించి ప్రతిదానికీ డబ్బే.

లండన్ గురించి రెండు జాగ్రత్తలు. షెంగెన్ వీసా ఉన్నంత మాత్రాన భారతీయ పాస్‌పోర్టుతో లండన్‌లో విమానం మారలేరు. అమెరికా, కెనడా వంటి దేశాల వీసా లాంటి మినహాయింపు ఏదీ లేకపోతే దానికి బ్రిటన్ ట్రాన్సిట్ వీసా కావాలి. ‘హైదరాబాద్ నుంచి లండన్ మీదుగా పారిస్’ టికెట్ చవకగా కనిపించిందని కొనేస్తే విమానం ఎక్కనివ్వరు. రెండోది, బ్రిటన్ నుంచి బయల్దేరే దూరప్రయాణాలకు అక్కడి ప్రభుత్వం విమాన ప్రయాణికుల పన్ను వేస్తుంది. ఇండియాకు ఎకానమీలో వచ్చే ఒక్కో పెద్ద మనిషికి 90 పౌండ్లకు తక్కువ కాదు. బ్రిటన్ వీసా, షెంగెన్ వీసా రెండూ ఉన్నవారు లండన్‌లో దిగి, తిరుగు విమానం యూరప్‌లో ఇంకో నగరం నుంచి ఎక్కితే ఆ పన్ను తప్పుతుంది.

హైదరాబాద్ నుంచే ఎక్కాలా?

విజయవాడ, గుంటూరు, ఖమ్మం, వరంగల్ వారికి శంషాబాదే దారి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వారు చెన్నై, బెంగళూరు కూడా చూడాలి. అనంతపురం, హిందూపురం వారికైతే బెంగళూరు విమానాశ్రయం నగరానికి ఇవతలే, దేవనహళ్లి దగ్గర, హైదరాబాద్ హైవే పక్కనే ఉంది. అక్కడి నుంచి పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, ఫ్రాంక్‌ఫర్ట్, లండన్‌లకు నేరు విమానాలున్నాయి. అలవాటు కొద్దీ హైదరాబాద్ వెళ్లడం అనవసరం.

ముంబయి, ఢిల్లీల్లో పోటీ ఎక్కువ కాబట్టి అక్కడి నుంచి యూరప్ ధర కొన్నిసార్లు గణనీయంగా తక్కువ. అయితే హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విడిగా టికెట్ కొంటే దేశీయ విమానంలో సాధారణంగా 15 కిలోల లగేజీకే అనుమతి. యూరప్ టికెట్‌లో 23 కిలోలో 30 కిలోలో ఉన్నా మొదటి అడుగులోనే అదనపు బరువుకు డబ్బు కట్టాలి. పైగా డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీలో పొగమంచు. ఒక జనవరిలో నేను ఇలాగే ఏడు వేలు మిగులుతాయని విడి టికెట్లు కొన్నాను. మంచు వల్ల హైదరాబాద్ విమానం ఐదు గంటలు ఆలస్యమై, ఢిల్లీలో దిగేసరికి యూరప్ విమానం వెళ్లిపోయింది. రెండూ వేర్వేరు టికెట్లు కాబట్టి మొదటి సంస్థకు సంబంధం లేదు, రెండో సంస్థ దృష్టిలో నేను సమయానికి రాని ప్రయాణికుణ్ణి. తిరుగు టికెట్ కూడా రద్దయింది. ఆ రాత్రి కౌంటర్ ముందు నిలబడి కొన్న కొత్త టికెట్ ధర తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. విడి టికెట్లే కొనాలనుకుంటే ముందు రోజే ఆ నగరం చేరి ఒక రాత్రి ఉండండి. ఆ గది అద్దె కూడా కలిపి చూస్తే లెక్క కుదిరితేనే కొనండి.

టికెట్‌లో మొదటి భాగాన్ని ఎప్పుడూ వదిలేయకండి. హైదరాబాద్, ఢిల్లీ, ఫ్రాంక్‌ఫర్ట్ అని ఒకే టికెట్ ఉండగా, మీరు రైల్లో ఢిల్లీ వెళ్లి అక్కడే ఎక్కుదామనుకుంటే మిగతా ప్రయాణమంతా రద్దవుతుంది.

మజిలీ ఎంతసేపు?

మారే విమానం షెంగెన్ లోపల అయితే, ఉదాహరణకు ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా బెర్లిన్, పాస్‌పోర్టు తనిఖీ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే జరుగుతుంది. 2025 అక్టోబరు నుంచి అక్కడ వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త ప్రవేశ వ్యవస్థ అమల్లోకి వచ్చింది. మొదటిసారి వెళ్లేవారికి వరుసలో సమయం పడుతుంది. రెండున్నర గంటలకు తక్కువ మజిలీ ఉన్న టికెట్ పెద్దవాళ్లకు కొనవద్దు. దోహా మీదుగా బెర్లిన్ అయితే ఆ తనిఖీ బెర్లిన్‌లో దిగాక జరుగుతుంది, ఆ తర్వాత పరుగెత్తి అందుకోవాల్సిన విమానం ఉండదు.

మొదటిసారి ప్రయాణించే తల్లిదండ్రులకు మూడు నాలుగు గంటల మజిలీ హాయి. పది గంటల మజిలీ మూడు వేలు చవకైనా కొనకండి. నడక కష్టమైతే చక్రాల కుర్చీ సాయం బుకింగ్ సమయంలోనే అడగండి, దానికి డబ్బు తీసుకోరు. శాకాహార భోజనం కూడా ముందే చెప్పాలి, కనీసం ఒక రోజు ముందు.

తెర మీద ధర, చేతినుంచి పోయే ధర

కొన్ని సంస్థల అతి చవక టికెట్‌లో చెక్-ఇన్ లగేజీ ఉండదు. రెండు టికెట్లను పోల్చేటప్పుడు లగేజీ, సీటు ఎంపిక, కన్వీనియన్స్ ఫీజు, రెండు వైపులా విమానాశ్రయానికి చేరే ఖర్చు, అర్ధరాత్రి దిగితే టాక్సీ, అన్నీ ఒక కాగితం మీద వేసి కూడండి. 44,000 టికెట్‌కు బ్యాగు కలిపితే 51,000 అవుతుంది. 30 కిలోలతో 48,000 అడిగే గల్ఫ్ సంస్థ టికెటే అప్పుడు చవక. విద్యార్థులైతే విద్యార్థి చార్జీ ఉందేమో అడగండి, చాలా సంస్థలు దాంతో అదనపు లగేజీ ఇస్తాయి.

మనవాళ్ల లగేజీలో సగం పిల్లలకు పట్టుకెళ్లే తిండే కాబట్టి ఒక మాట. ఆవకాయ, గోంగూర పచ్చడి గట్టిగా మూతపెట్టి చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాలి, చేతిసంచిలో పెడితే భద్రతా తనిఖీలో తీసేస్తారు. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి మాత్రం వద్దు. పాల పదార్థాలనూ మాంసాన్నీ బయటి దేశాల నుంచి ప్రయాణికులు తెచ్చుకోవడం యూరోపియన్ యూనియన్‌లో నిషేధం. అక్క ఈ మాట విని చాలాసేపు నొచ్చుకుంది. చివరికి నెయ్యి డబ్బా పక్కన పెట్టి, ఆ స్థానంలో కందిపొడి కట్టుకుంది.

కొనేటప్పుడు

ధర ఎక్కడ చూసినా, కొనడం సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా సరే. విమానం మారినా, రద్దయినా నేరుగా వారితోనే మాట్లాడవచ్చు. మధ్యవర్తి దగ్గర కొంటే ‘వాళ్లను అడగండి’ అని వీళ్లు, ‘వీళ్లను అడగండి’ అని వాళ్లు తిప్పుతారు. నేరుగా కొన్న టికెట్‌ను 24 గంటల్లోపు కోత లేకుండా రద్దు చేసుకునే వీలు చాలా సంస్థలు ఇస్తాయి, డబ్బు కట్టే ముందు ఆ షరతు చదవండి. ధర రూపాయల్లోనే ఉండేలా చూసుకోండి. విదేశీ కరెన్సీలో కడితే కార్డు మీద బ్యాంకు రెండు, మూడు శాతం అదనంగా వేస్తుంది.

పేరు దగ్గర నిదానించండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి పూర్తిగా, ఒకరికి పొడి అక్షరంగా, ఇంకొకరికి అసలు లేకుండా ఉంటుంది. టికెట్‌లో పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఆధార్‌లో ఉన్నట్టు, అలవాటుగా రాసుకున్నట్టు కాదు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు అయితే ఆ సంస్థ పేరు ఎలా నింపమంటుందో ఫోన్ చేసి కనుక్కున్నాకే ముందుకు వెళ్లండి. తర్వాత దిద్దుబాటుకు డబ్బు కట్టాలి, కొన్నిసార్లు కొత్త టికెట్టే కొనాలి. పాస్‌పోర్టు పదేళ్ల లోపు జారీ అయినదై ఉండాలి, యూరప్ వదిలే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి.

ప్రయాణమంతా ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండడం ఎంత అవసరమో 2025 జూన్ 23న తెలిసింది. ఆ రోజు ఖతర్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేసింది. విమానాలు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. ఒకే టికెట్ ఉన్నవారిని గమ్యం చేర్చే బాధ్యత సంస్థది. ముక్కలుగా కొన్నవారికి ఆ హక్కు లేదు. యూరోపియన్ యూనియన్ నుంచి బయల్దేరే ఏ విమానానికైనా, అక్కడికి వచ్చే యూరప్ సంస్థల విమానాలకూ పరిహారం నిబంధన ఉంది. మన దూరానికి, సంస్థ తప్పు వల్ల గమ్యానికి నాలుగు గంటలకు మించి ఆలస్యంగా చేరితే 600 యూరోల దాకా అడగవచ్చు. గల్ఫ్ సంస్థలో వెళ్తే వెళ్లేటప్పుడు ఇది వర్తించదు, తిరిగి వచ్చేటప్పుడు వర్తిస్తుంది. బోర్డింగ్ పాస్‌లు ఇల్లు చేరేదాకా పారేయకండి.

కొన్నాక కూడా వారానికోసారి బుకింగ్ తెరిచి చూడండి. షెడ్యూలు మారితే మెయిల్ వస్తుంది, అది ఏ మూలనో పడి కనిపించకపోవచ్చు. సమయం బాగా మారితే ఉచితంగా వేరే విమానానికి మార్చమని గానీ, డబ్బు తిరిగి ఇవ్వమని గానీ అడగండి.

అక్కా బావా ఫిబ్రవరి రెండో వారంలో ఒక మంగళవారం గల్ఫ్ మీదుగా ఫ్రాంక్‌ఫర్ట్‌కు కొన్నారు, తిరుగు ప్రయాణం ఆమ్‌స్టర్‌డామ్ నుంచి. బయల్దేరే ముందు రోజు బావ ఒక తెల్ల కాగితం మీద పీఎన్‌ఆర్, రెండు విమానాల నంబర్లు, కూతురి ఫోన్ నంబరు, జర్మన్ అక్షరాల్లో ఆమె ఇంటి చిరునామా రాయించుకుని నాలుగు కాపీలు తీయించాడు. ఒకటి చొక్కా జేబులో, ఒకటి అక్క చేతిసంచిలో, రెండు బ్యాగులకు చెరొకటి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా దారి తప్పకుండా ఉండాలంటే మీరూ ఆ కాగితం రాసుకోండి.